ఎడమ చేతి గ్లౌజు

ఆరేళ్ళుగా ఒక సంగతి కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. పిండకుండా మూటకట్టేసిన తడిబట్టలు ఎలా ఉంటాయో మీకు తెలుసా? రోజులు గడిచేకొద్దీ బరువు తగ్గకపోగా వాసన పుడుతుంది. నా సంగతీ అలాగే అయింది. నా భార్యకి చెప్పలేదు. నాతోపాటు గదిలో ఉంటున్న నలుగురికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే రేపటి నుంచి వాళ్ళు నన్ను ఎలా చూస్తున్నారా అని నేను వాళ్ళ మొహాలు చూడడం మొదలుపెడతాను. నాది పుట్టు అనుమానం.

ఉతక్కూడని వస్తువు ఒకటి ఉతికాను. ఇదే నా తప్పు. ఇంతేనా అని నవ్వకండి. ఒక మనిషి పరువు నిలబెట్టే వస్తువు అది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఉతికాను.

మేం గోదావరి ఒడ్డు చాకళ్ళం. మా నాన్న ముప్పై ఇళ్ళ బట్టలు ఉతికేవాడు. అన్నీ ఒకే రేవులో తడిసినా సాయంత్రానికి ఎవరి బట్ట వాళ్ళ గడపకి చేరేది. అంచున నల్లజీడితో ఇంటికొక గుర్తు పెట్టేవాడు గానీ, నిజానికి ఆయనకి ఆ గుర్తుతో పని లేదు. బట్టని చేత్తో పట్టుకుంటే చెప్పేసేవాడు. ఎవరింట్లో జ్వరం, ఏ కోడలు నెల తప్పింది, ఏ పెద్దమనిషి రాత్రి ఇంటికి రాలేదు, అన్నీ ఊరికంటే ముందు ఆయనకి తెలిసేవి. ఒక్కరి దగ్గరా నోరు విప్పేవాడు కాదు. "బట్ట చెప్పింది రేవులోనే వదిలెయ్యాల్రా. ఒడ్డెక్కితే మనం మూగోళ్ళం" అనేవాడు. బట్టని చదవడం నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. నోరు కట్టుకోవడం మాత్రం రాలేదు.

సౌదీ వచ్చిన కొత్తలో ఒక లేబర్ క్యాంపు లాండ్రీలో చేశాను. తర్వాత తూర్పు తీరాన ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో కుదిరాను. పేరు చెప్పను. ఖతీఫ్ చేపలు మా మెస్సుకి వచ్చేంత దూరం అనుకోండి. పెద్ద క్లబ్బేమీ కాదు. బాగా ఆడితే పై లీగు, ఆడకపోతే కింది లీగు. నా పని కిట్ రూములో. జెర్సీలు, నిక్కర్లు, తువ్వాళ్ళు ఉతికి, ఇస్త్రీ చేసి, నంబర్ల ప్రకారం అలమరల్లో సర్దాలి. ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసింది గుండు సున్నా.

ఆయన అక్కడికి వచ్చాడు. స్పెయిన్ దేశపు గోల్‌కీపరు. నలభై దాటిన మనిషి. గడ్డంలో సగం తెలుపు. మేం తెలుగువాళ్ళం కిట్ రూములో ఆయన్ని తాత అని పిలుచుకునేవాళ్ళం. అది ఏదో నమస్కారం అనుకుని కొన్నాళ్ళు ఆయనా మమ్మల్ని తాతా అని పిలిచాడు. అర్థం చెప్పాక గడ్డం పట్టుకుని చాలాసేపు నవ్వాడు. అప్పట్నుంచి తాత అంటే పలికేవాడు.

ఆయనతోపాటే ఆయన దేశం ఫిజియో ఒకడు వచ్చాడు. కండరాలు పట్టేస్తే, వేళ్ళు బెణికితే చూసే మనిషి. ఇద్దరూ పదిహేనేళ్ళ స్నేహితులు. తాత కథంతా అతనే నాకు అరబ్బీలో సగం, సైగల్లో సగం చెప్పాడు. పదిహేడేళ్ళకి సొంత ఊరి జట్టులో మొదలుపెట్టాడట. ఒక పెద్ద క్లబ్బు తీసుకెళ్ళి తొమ్మిదేళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టిందట. ముందున్న గోల్‌కీపరుకి జ్వరం వస్తేనే ఈయనకి ఆట. తర్వాత చిన్న చిన్న క్లబ్బులు. ఒకచోట కింది లీగుకి పడిపోబోతున్న జట్టుని ఒంటిచేత్తో నిలబెట్టాడట. దేశం జట్టుకి ఒక్కసారి పిలిచారట, ఆడించలేదట. ఇరవై ఏళ్ళకి పైగా ఇదే బతుకు. ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి, ఇక నువ్వు కూర్చో అనేవాళ్ళు.

మొదటి రోజే గ్లౌజుల సంచి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మెషిన్లో వేయకూడదు, ఎండలో పెట్టకూడదు, పిండకూడదు. అరచేతి వైపు మెత్తటి రబ్బరు ఉంటుంది, బంతిని పట్టేది అదే. అది ఎండితే పగిలిపోతుంది. ఇదంతా సైగలతో చెప్పబోయాడు. నేను ఆపి, ఒక గ్లౌజు తీసుకుని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, రెండు అరచేతుల మధ్య పెట్టి పట్టుచీరకి నీళ్ళు తీసినట్టు తీశాను. ఆయన గ్లౌజుని చూడలేదు, నా చేతుల్ని చూశాడు. సబ్బుకి పాసిపోయిన వేళ్ళు. తర్వాత తన చేతులు చాపి చూపించాడు. ఒక్క వేలూ తిన్నగా లేదు. ఆ రోజు నుంచి తన గ్లౌజులు ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. శిక్షణ అయిపోయాక కిట్ రూములో బల్ల మీద కూర్చుని నా టీ తాగేవాడు. మాటలు తక్కువ. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

రెండో ఏడాది మొదట్లోనే, ఇదే ఆఖరు అని చెప్పాడు. ఆయనకి ఆరేళ్ళ కూతురు. లేటుగా పుట్టిన పిల్ల. నాన్న ఆట టీవీలో తప్ప చూడలేదు. ఏడాది చివర్న సొంత మైదానంలో జరిగే ఆఖరి మ్యాచ్‌కి వాళ్ళమ్మతో వస్తుంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడుస్తాడు. ఆట అయ్యాక గ్లౌజులు విప్పి పిల్ల చేతిలో పెడతాడు. అంతటితో సరి. గోల్‌కీపర్లని ఎప్పుడూ ఎవరో తీసేస్తారు, నన్ను మాత్రం నేనే తీసుకోవాలి అన్నాడు. ఆ పిల్ల కోసం తన నంబరుతో చిన్న పసుపు జెర్సీ కుట్టించి నా దగ్గర పెట్టాడు. ఇస్త్రీ చేసి ఉంచమన్నాడు. నా అరచేతులు రెండూ పరిస్తే దాదాపు అంతే ఉంటుంది అది.

ఇక్కడి దాకా చెప్పడం సులువు.

ఆ ఏడాది జట్టు ఓడడం మొదలుపెట్టింది. ఓడే చోట అనుమానం ముందు పుడుతుంది. ఎవరు ఆడతారో, ఎవరికి దెబ్బ తగిలిందో మ్యాచ్‌కి ముందే బయటికి పొక్కుతోందన్నారు. ఆటగాళ్ళు మ్యాచ్‌లు అమ్ముతున్నారన్నారు. పనివాళ్ళ ఫోన్లు తీసుకుని చూశారు. డ్రైవర్లు కిట్ రూము వాళ్ళని అనుమానించారు, మేం డ్రైవర్లని అనుమానించాం. ఇద్దరు కలిసి మాట్లాడుకుంటుంటే మూడోవాడు వచ్చేసరికి నోళ్ళు మూతపడేవి. నేనైతే మెస్సులో నాకు పెద్ద చేపముక్క వేసినా, ఎందుకు వేశాడా అని ఆలోచించేవాణ్ణి. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

అదే రోజుల్లో తాత మారిపోయాడు. టీకి కూర్చోవడం మానేశాడు. గ్లౌజుల సంచి మూతి కట్టి, గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళిపోయేవాడు. నేను అలిగాను. నవ్వొస్తుంది గానీ, నిజం. ఈ పెద్దమనిషి మనకేమవుతాడని అలక? అయినా అలిగాను. అలిగినవాడి కళ్ళు మంచిని వెతకవు.

గ్లౌజులు ఉతికేటప్పుడు చూశాను. కుడిది ఎప్పటిలాగే ఉంది. గడ్డి పసరు, మట్టి, అరచేతి రబ్బరు అరిగి పొడి రాలుతోంది. ఎడమది కొత్తదానిలా ఉంది. తర్వాతి మ్యాచ్‌కీ అంతే. ఆ తర్వాతా అంతే. నేను వెళ్ళి, ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే సొరంగం దగ్గర నిలబడి ఆట చూడడం మొదలుపెట్టాను. గోల్స్ ఎక్కువగా ఆయన ఎడమ వైపే పడుతున్నాయి. ఒక బంతికి ఎడమ చెయ్యి చాపాడు, చివరి క్షణంలో వెనక్కి తీసుకున్నాడు. నా కళ్ళతో చూశాను. నా బుర్రలో ఇంకేముంది, కథ తయారైపోయింది. ఈయన ఎడమ చెయ్యి అమ్ముకున్నాడు.

ఇక్కడే నన్ను నేను ఆరేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఉంది. తొంభై నిమిషాలు నేల మీద పడి దొర్లే మనిషి గ్లౌజుకి, బంతిని పట్టకపోయినా, గడ్డి పసరైనా అంటదా? మా నాన్న అయితే ఒక్క క్షణంలో అడిగేవాడు. పైగా ఆ ఎడమ గ్లౌజులో ఏదో గులాబీ సబ్బు వాసన వచ్చింది. నేను వాడే సబ్బు కాదు అది. అంటే నాకంటే ముందు ఇంకో చెయ్యి దాన్ని కడిగిందన్నమాట. చాకలివాడికి ఇంతకంటే పెద్ద ఆనవాలు ఏం కావాలి? వాసన చూశాను. చూసి, మర్చిపోవడానికి ఇష్టపడ్డాను. ఎందుకు? నా కథలో ఆ వాసనకి చోటు లేదు కాబట్టి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే అంటారు గానీ, నాకు రంగు తెలిసే పచ్చ అనుకున్నాను.

ఒకరోజు ఆఫీసులో పనిచేసే కాదర్ భాయ్ పిలిచాడు. కడప ఆయన, మంచివాడు. పదేళ్ళుగా మా ఇకామా కాగితాలన్నీ, అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతులు, ఆయనే చూసేవాడు. తలుపు వేసి కూర్చోమన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కూర్చోకముందే నాకేం తెలియదన్నాను.

"నిన్ను అనలేదప్పా," అన్నాడు. "పైనుంచి ముదీర్ నన్ను పట్టుకున్న్యాడు. ఎవరో ఒకర్ని చూపీకపోతే కిట్ రూము మొత్తానికీ ఖురూజ్ కొట్టి ఇంటికి పంపిస్తాడంట. నువ్వు రోజూ అందరి గుడ్డలూ చూస్తాంటావ్. నీకేమన్నా అనిపించిందా?"

ముదీర్ అంటే క్లబ్బు మేనేజరు. ఖురూజ్ అంటే తిరుగు టపా, మళ్ళీ రానక్కర్లేదు. తర్వాత నేనన్న మాటకి భయమే కారణం అని చెబితే సగం నిజమే అవుతుంది. అంత పెద్ద మేనేజరు నా మాట వింటాడన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశ తియ్యగా ఉంది.

"నేను ఉతికేవోణ్ణండి, నాకేం తెలుస్తాదండి," అన్నాను. లేచి తలుపు దాకా వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి వెళ్ళిపోవచ్చు కదా. వెనక్కి తిరిగాను. "తాత ఎడం గ్లౌజు మాత్రం మాయట్లేదండి. మూణ్ణెల్ల నుంచీ."

అంతే అన్నాను. అమ్ముకున్నాడు అనలేదు. అనక్కర్లేకుండా అన్నాను. కాదర్ భాయ్ కలం తీసి రాసుకున్నాడు.

ఆ వారమే తాతని బెంచీ మీద కూర్చోబెట్టారు. విశ్రాంతి అన్నారు. మొహం మీద ఎవరూ ఏమీ అడగలేదు. ఆ క్లబ్బులో నేరం మోపడం కంటే మాట్లాడడం మానేయడం సులువు. ఆయన వస్తుంటే గదులు ఖాళీ అయ్యేవి. ఆఖరి మ్యాచ్‌కి ఇంకా రెండు వారాలుంది. కూతురికి టిక్కెట్టు కొనేశాడు. ఆడనిస్తారో లేదో తెలియదు.

ఒక మధ్యాహ్నం కిట్ రూముకి వచ్చాడు. చాలా రోజుల తర్వాత బల్ల మీద కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను. ఎడమ చెయ్యి జేబులోనే ఉంది. మాకిద్దరికీ వచ్చిన ఆ కాస్త ఇంగ్లీషులోనే మాట్లాడాడు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు.

"నా గురించి ఒక సంగతి ఉంది," అన్నాడు. "అది ఒక్కడికే తెలుసు. నా స్నేహితుడికి, ఫిజియోకి. ఎవరో చెప్పేశారు. వాడు కాక ఇంకెవరు? నువ్వు ఏమైనా విన్నావా?"

"లేదు సార్."

"నువ్వు ఎవరికైనా ఏమైనా చెప్పావా?"

"నాకేం తెలుసు సార్, చెప్పడానికి. నేను బట్టలు ఉతుకుతాను."

తల ఊపాడు. "నువ్వు నాతో అబద్ధం చెప్పవు," అన్నాడు. టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్ళాడు.

నేనేం అనుకున్నానో తెలుసా? దొంగ దొరికాడు అనుకున్నాను. ఒక సంగతి ఉందని తనే ఒప్పుకున్నాడు కదా. ఫిజియోకి కూడా వాటా ఉందన్నమాట. నా లెక్క నిజమైందని సంతోషపడ్డాను. ఆ సాయంత్రం అన్నం బాగా తిన్నాను. అది చెప్పకపోతే ఈ ఒప్పుకోలుకి అర్థం లేదు.

గురువారం ఆయన్ని తీసేశారు. ఇద్దరికీ ఇష్టమయ్యే ఒప్పందం రద్దు చేసుకున్నామని కాగితం అంటించారు. శనివారం విమానం. శుక్రవారం మధ్యాహ్నం, అందరూ జుమా నమాజుకి వెళ్ళిన వేళ, నేనొక్కణ్ణే మెషిన్ల దగ్గర ఉన్నాను. తాత లాకరు ఖాళీ చేసుకుంటూ వచ్చాడు. చిన్న పసుపు జెర్సీ అడిగాడు. మడతపెట్టి ఇచ్చాను. దాన్ని ఒకసారి విప్పి చూసి, నా మడతలోనే మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టాడు. తను చివరిగా ఆడిన మ్యాచ్ గ్లౌజులు, అప్పుడు నాకు ఉతకడానికి ఇవ్వనివి. నీకే అన్నాడు. కుడిచేత్తో నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

కవరు విప్పాను. కుడి గ్లౌజు ఎప్పటిలాగే ఉంది. ఎడమదాన్ని వెలుగులోకి తిప్పాను. గడ్డి పసరు, మట్టి, అరచేతి రబ్బరు కుడిదానికంటే ఎక్కువ అరిగిపోయి ఉంది. లోపలికి చెయ్యి పెట్టాను. ఉంగరపు వేలు చోట లోపలి గుడ్డ కత్తిరించి, వేలికి కట్టే పట్టీ పట్టేలా దారంతో చేత్తో కుట్టుకున్నాడు. మగవాడి కుట్టు, వంకర టింకరగా ఉంది. ఆ వేలంతా రక్తం, చీము. పాత మరక మీద కొత్త మరక. అంటుకుపోయిన ప్లాస్టరు ముక్క ఒకటి ఇంకా లోపలే ఉంది.

ఇప్పుడు చదవగలిగాను. మూణ్ణెల్లుగా విరిగిన వేలితో ఆడుతున్నాడు. తెలిస్తే కూర్చోబెట్టేస్తారని దాచాడు. ఆడిన ఎడమ గ్లౌజు దాచేసి, ఇంకో కొత్తదాన్ని ఇంట్లో సబ్బుతో ఒకసారి కడిగి నా సంచిలో వేశాడు. ఒకటే గ్లౌజు వస్తే నేను అడుగుతానని. గులాబీ సబ్బు అదీ. ఆ ఒక్కడికే తెలిసిన సంగతి అదీ. అమ్ముకున్నది ఏమీ లేదు. ఆ చేత్తోనే ఆయన పట్టగలిగినన్ని బంతులు పట్టాడు.

అప్పటి దాకా నేను చేసింది పొరపాటు. ఇక్కణ్ణుంచే తప్పు.

తాత ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. ఫ్లాటు పది నిమిషాల దూరం. నమాజు అయ్యాక కాదర్ భాయ్ ఆఫీసుకి వస్తాడు. ఆ గ్లౌజుని అలాగే తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, నేను తప్పుగా చదివానండి అంటే సరిపోయేది. ఆడనిచ్చేవారని చెప్పను. విరిగిన వేలితో ఎవరు ఆడనిస్తారు? కానీ దొంగ అన్న మాట పోయేది. కూతురి చెయ్యి పట్టుకుని మైదానం చుట్టూ ఒకసారి నడవనిచ్చేవారేమో. ఫిజియో మీద మచ్చ ఉండేది కాదు. నేను లేచాను కూడా. కవరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

మళ్ళీ గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగాను. నాకు గుమ్మాలు అచ్చిరావు.

కాదర్ భాయ్ అడిగితే ఏం చెప్పాలి? ఒక మనిషి బతుకు మీద పుకారు పుట్టించినవాణ్ణి ఉంచుతారా? ఆ భయం ఉంది. దాని కింద ఇంకోటి ఉంది. తాతల నాటి నుంచి చాకళ్ళం, నేను బట్టని తప్పు చదివాను. ఇంకొక చెయ్యి కడిగిన గుడ్డని గుర్తుపట్టలేకపోయాను. అది ఒప్పుకోవడం నాకు ఖురూజ్ కంటే కష్టమైంది.

బకెట్లో చన్నీళ్ళు పట్టాను. చూడండి, చన్నీళ్ళు. రక్తపు మరకకి వేణ్ణీళ్ళు తగిలితే గుడ్డలో స్థిరపడిపోతుంది, ఇక రాదు. కంగారులో వేణ్ణీళ్ళు పట్టి ఉంటే కనీసం మరకైనా మిగిలేది, చెయ్యి తప్పింది అనుకునేవాణ్ణి. నా చెయ్యి తప్పలేదు. ఉప్పు, కాస్త నా సబ్బు కలిపాను. ప్లాస్టరు ముక్క గోటితో పీకి మరుగుదొడ్లో పారేశాను. గ్లౌజు లోపలి వేలుని తిరగదీసి, బొటనవేలితో మెల్లగా రుద్దాను. నీళ్ళు ఎర్రబడితే పారబోసి మళ్ళీ పట్టాను. నాలుగు బకెట్లు. ఐదోదానికి తెల్లగా వచ్చాయి. బయట నమాజు అయి మనుషులు మాట్లాడుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించేసరికి గ్లౌజు నీడన ఆరేసి ఉంది. నా జీవితంలో ఇంత శుభ్రంగా ఏదీ ఉతకలేదు.

శనివారం ఆయన వెళ్ళిపోయాడు. ఆయనతోపాటే తీసేసిన ఫిజియో వేరే కారులో విమానాశ్రయానికి వెళ్ళాడు. పదిహేనేళ్ళ స్నేహితులు, ఒకే విమానం, వేరే కార్లు. ఆఖరి మ్యాచ్ రోజు ఇంకో కుర్ర గోల్‌కీపరు ఆడాడు. నేను సొరంగం దగ్గరికి వెళ్ళలేదు.

తర్వాత ఏడాది ఆ క్లబ్బు మానేసి రియాద్ వచ్చాను. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతున్నాను. దుప్పట్లు చెప్పింది ఎవరికీ చెప్పను. ఇప్పుడు బాగానే మూగవాణ్ణయ్యాను.

ఆయన్ని ఒకసారి ఫోన్లో, ఒక వీడియోలో చూశాను. సొంత ఊళ్ళో పిల్లలకి గోల్‌కీపింగ్ నేర్పుతున్నాడు. ఎడమ ఉంగరపు వేలు ముడుచుకుపోయి ఉంది, తెరుచుకోదు. సౌదీ నుంచి హఠాత్తుగా ఎందుకు వచ్చేశారని ఎవరో అడిగారు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. నిదానంగా కూడబలుక్కుని చదివాను. ఎందుకు తీసేశారో నాకు ఎవరూ చెప్పలేదు, అక్కడ ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను అన్నాడు. నేను ఆ మాట దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాను. స్నేహితుడు అంటే ఫిజియోయే కదా? నాకు తెలుసు ఫిజియోయేనని. అయినా ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఆ గ్లౌజు ఉతక్కుండా నా చేతికి ఎందుకిచ్చాడు? మూణ్ణెల్లు దాచినవాడు ఆ రోజు మర్చిపోయి ఇచ్చాడా, తెలిసి ఇచ్చాడా? నువ్వు నాతో అబద్ధం చెప్పవు అన్నది నమ్మకమా, దెప్పిపొడుపా? నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. అందర్నీ అనుమానించినవాడికి దేవుడు వేసిన శిక్ష ఇదేనేమో.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మొన్న శుక్రవారం ఇక్కడి బతా బజారులో మన తెలుగువాళ్ళ మెస్సుకి భోజనానికి వెళ్ళాను. కిక్కిరిసి ఉంది. టీవీలో ఏదో మ్యాచ్ వస్తోంది. నా ఎదురుగా కరీంనగర్ వైపు మనిషి ఒకతను కూర్చున్నాడు, డ్రైవరట. పక్కవాడికి చెబుతున్నాడు.

"అప్పట్ల గా స్పెయిన్ గోల్‌కీపర్ ఒకడు ఉండె జూడు, మ్యాచ్‌లు అమ్ముకున్నడంట. ఎడమ చెయ్యి అసలు వాడకపోతుండెనంట. ఎవరు వట్టిచ్చిన్రో ఎర్కేనా? లాండ్రోడు. మనోడేనంట, తెలుగోడు."

ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ మెచ్చుకోలుగా నవ్వారు. మనోడు అన్న మాటకి వాళ్ళ మొహాల్లో కాస్త గర్వం కూడా కనిపించింది. ఒకతను పప్పు గిన్నె నా వైపు జరిపాడు. నేను వడ్డించుకున్నాను. కాదు అనలేదు. పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, గదికి వచ్చేశాను.

గదికి వచ్చి పెట్టె అడుగు నుంచి ఆ కవరు తీశాను. వంకర కుట్లు అలాగే ఉన్నాయి. నేను ఎన్ని నీళ్ళు పోసినా అవి పోలేదు. ఆయన పేజీలో ఉత్తరం రాద్దామని ఫోను తీశాను. సార్ అని రాసి ఆగిపోయాను. ఆ తర్వాతే మీకు రాయడం మొదలుపెట్టాను. మీరు క్షమించాలని కాదు. అది మీ చేతిలో లేదు, నాకు అడిగే మొహమూ లేదు. ఒక్కరికైనా తెలియాలి. ఆయన చెయ్యి అమ్ముకోలేదు.

కుడి గ్లౌజుని నేను ఇప్పటికీ ఉతకలేదు. దాంట్లో ఇంకా గడ్డి వాసన, ఆయన చెమట వాసన ఉన్నాయి. ఎడమదాంట్లో నా సబ్బు వాసనే వస్తోంది.